అడవి ఏనుగు, సెల్‌ఫోన్ ఫొటో: సరిహద్దు పల్లెలు తెలుసుకోవలసిన సంగతులు

బెంగళూరులోని కాటన్‌పేటకు సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో బన్నేరుఘట్ట అడవి ఉన్నది. ఏనుగుల దారులు అక్కడి నుంచి హోసూరు, కృష్ణగిరి అడవుల మీదుగా కుప్పం, పలమనేరు దాకా సాగుతాయి. 1980లలో ఏనుగులు ఆ దారులనే పట్టి చిత్తూరు జిల్లాకు వచ్చాయి. వాటి రక్షణ కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. నాటి నుంచి చెరకు, వరి, రాగి, మామిడి పండించే పల్లెలకు ఏనుగుల రాకపోకలు అలవాటయ్యాయి. ఇటీవల వీటికి మరొక ప్రమాదం తోడైంది. కాటన్‌పేట, చిక్కపేట దుకాణాల్లో పనిచేస్తూ పండుగకు ఊరు చేరిన యువకులు మొదలు ఊళ్లోని పిల్లల వరకు, ఏనుగు కనిపించగానే సెల్‌ఫోన్ పట్టుకొని దగ్గరకు పోవడం మొదలైంది.

ఎందుకు ప్రమాదం?

ఏనుగుకు చూపు మందం; వాసన, వినికిడి అమోఘం. మనిషి కనిపించక ముందే గాలివాటున అతని వాసన దానికి అందుతుంది. సెల్‌ఫోన్ తెరలో చూసేవారికి మాత్రం దూరం సరిగా అంచనాకు రాదు. పైగా చూపంతా తెర మీదనే ఉండడం వల్ల పక్క పొదలో ఉన్న మరో ఏనుగును గమనించరు. నాలుగైదు టన్నుల బరువున్నా పరుగెత్తితే మామూలు మనిషిని అది ఇట్టే అందుకోగలదు.

2025 ఆగస్టులో కర్ణాటకలోని బందీపూర్ అడవి రోడ్డుపై ఒక వ్యక్తి ఏనుగుతో సెల్ఫీకి ప్రయత్నించి దాని కాళ్ల కింద పడ్డాడు. అదృష్టవశాత్తు ప్రాణాలు దక్కాయి. అటవీశాఖ అతనికి 25 వేల రూపాయల జరిమానా విధించింది. అదే ఏడాది ఫిబ్రవరిలో శివరాత్రికి అడవి దారిన నడిచి వెళ్తున్న భక్తులపై అన్నమయ్య జిల్లా గుండాలకోన వద్ద ఏనుగులు దాడి చేయగా ముగ్గురు మరణించారు. ఏ కవ్వింపూ లేకుండా ఎదురుపడినప్పుడే ఇంత ముప్పు ఉన్నప్పుడు, కోరి దగ్గరకు పోవడం ఎంత సాహసమో ఊహించవచ్చు.

గుర్తించవలసిన సంకేతాలు

మేత ఆపి ఏనుగు మనిషి వైపు తిరిగిందంటే ఆ మనిషి అప్పటికే హద్దు దాటినట్లు. చెవులు విప్పార్చి నిలపడం, తల పైకెత్తడం, తొండం లోపలికి ముడవడం, కాలితో మట్టి ఎగజిమ్మడం కోపానికి గుర్తులు. మగ ఏనుగు కణతల నుంచి ద్రవం కారుతుంటే అది మదంలో ఉన్నట్లు. పిల్లతో ఉన్న తల్లిని, ఒంటరి మగ ఏనుగును మరింత దూరం నుంచే తప్పుకోవాలి.

ఎదురైతే ఏం చేయాలి?

కేకలు, రాళ్లు, బాణసంచా పనికిరావు. ఏనుగు ఇంకా కదలకపోతే చప్పుడు చేయకుండా వెనుకకు తగ్గాలి. తరుముకొస్తే పెద్ద చెట్టు, బండరాయి, గోడ వంటి వాటి చాటుకు చేరాలి. సంచి, కండువా వంటివి పడవేస్తే వాసన చూసేందుకు అది కాసేపు ఆగే అవకాశం ఉన్నది. వాహనంలో ఉన్నవారు దూరంగానే ఆపి, హారన్ మోగించకుండా వెనుకకు మళ్లాలి. రాత్రివేళ ఫ్లాష్ వెలిగించరాదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో జంతువులను కవ్వించడం నేరం. అక్కడ ఫొటోలు తీయడానికి లోనికి వెళ్లాలంటే అనుమతి పొందాలి.

పనికివచ్చే ఫొటో

ఏనుగు వెళ్లిపోయాక, తెల్లవారిన తరువాత దాని అడుగుజాడను ఫొటో తీయవచ్చు. పక్కన అగ్గిపెట్టె పెడితే పరిమాణం తెలుస్తుంది. ముందుకాలి అడుగు చుట్టుకొలతకు రెట్టింపు దాదాపు ఆ ఏనుగు భుజం ఎత్తుకు సమానం. కనుక వచ్చినది పెద్దదో, గున్నదో సిబ్బంది పోల్చుకోగలరు. పంట నష్టం ఫొటోలు పరిహారపు దరఖాస్తుకు తోడ్పడతాయి. ఏనుగు ఉన్న చోటును వాట్సాప్ గుంపుల్లో చాటితే జనం పోగవుతారు. ఆ సంగతి ముందుగా అటవీ సిబ్బందికి చెప్పడం మేలు.

ఈ నీతి మన అడవులకే పరిమితం కాదు. ఆస్ట్రేలియాకు చదువులకు వెళ్లిన పిల్లలు సాధువుగా కనిపించే కంగారూ పక్కన నిలబడి ఫొటో దిగాలని ఉబలాటపడతారు. ఎనభై కిలోలు దాటే మగ కంగారూ తోకపై బరువు మోపి వెనుక కాళ్లతో తన్నగలదు. 2022లో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక వృద్ధుడు తాను పెంచుకున్న కంగారూ దాడిలోనే మరణించాడు. ఆ దేశంలో 1936 తరువాత అటువంటి మరణం అదే మొదటిది.

కర్ణాటక నుంచి 2025 మేలో మన రాష్ట్రానికి కుంకీ ఏనుగులు వచ్చాయి. అడవి ఏనుగులను పొలాల నుంచి మళ్లించడం వాటి పని. సెల్‌ఫోన్‌తో ఎదురు వెళ్లేవారిని మళ్లించవలసింది మాత్రం ఇంటి పెద్దలే. పండుగకు వచ్చిన పిల్లలకు పొలం వైపు వెళ్లకముందే ఈ నాలుగు మాటలు చెప్పడం ప్రతి ఇంటి బాధ్యత.