పేరొక్కటే... వాటాదార్లెందరో!

హస్తా నక్షత్రం మూడో పాదంలో పిల్ల పుడితే పంచాంగం చెప్పే అక్షరం ‘ణ’. నాలుగో పాదమైతే ‘ఠ’. ‘ఆ అక్షరాలతో పేరెక్కణ్నుంచి తేవాలండీ బాబూ!’ అని ఇంటిల్లిపాదీ తల పట్టుకోవాల్సిందే. అక్షరం దగ్గరే ఇంత తంటా అయితే, ఇక అసలు పేరు తేలేదెప్పుడు?

వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే ఓడలరేవైనా, కోనసీమలో మరో ఊరైనా బారసాల ఇంట్లో వాటాదార్లు చాలామందే. అంతర్వేది నరసింహస్వామికి మొక్కుకున్న అమ్మమ్మకు ‘లక్ష్మి’ ఉండాలి. అన్నవరం సత్యదేవుణ్ని నమ్ముకున్న తాతయ్యకు ‘సత్య’ కావాలి. పోయిన నాయనమ్మ పేరు కలపకపోతే నాన్నకు మనసొప్పదు. అమ్మకేమో నోరారా పిలుచుకునే రెండక్షరాల పేరు మీద మోజు. అందరి మాటా నెగ్గితే పాప పేరు రైలుబండే! ముందు ఇంటిపేరు ఇంజను, వెనకాల వెంకట, సత్య, నాగ, లక్ష్మి పెట్టెలు. దరఖాస్తుల్లో అడిగే ‘మిడిల్ నేమ్’ మనకు లేదనుకుంటాంగానీ, ఒకటికి మూడున్నాయి.

తీరా పళ్లెంలో బియ్యం పోసి, బంగారు ఉంగరంతో అంత పేరూ రాశాక పిలిచేది మాత్రం బుజ్జి, చిట్టి, అమ్ములు, అమ్మాజీ!

ముద్దుపేరు వెనక ముద్దే కాదు, ఒక్కోసారి భయమూ ఉండేది. పుట్టిన బిడ్డలు దక్కని ఇళ్లలో పసికందును పెంటకుప్ప మీద పెట్టి తీసి ‘పెంటమ్మ’ అనేవారు. అలా అంటే మృత్యువు చూపు పడదని నమ్మకం. వినడానికి మోటుగా ఉన్నా, అది బిడ్డ బతకాలన్న ఆరాటం. మహారాష్ట్రలోని సతారా జిల్లాలో కథ వేరు. మళ్లీ ఆడపిల్లే పుట్టిందని ‘నకుసా’ అని పేరు పెట్టారు. ‘అక్కర్లేనిది’ అని అర్థం. 2011 అక్టోబరులో అలాంటి 280 మందికి పైగా అమ్మాయిలకు అధికారులు వేడుక చేసి మరీ కొత్త పేర్లు పెట్టించారు. పెట్టేది పెద్దలే అయినా, మోసేది పిల్లే కదా!

కాకినాడ దగ్గర పుట్టిన నటి సూర్యకాంతం సంగతే చూడండి. గయ్యాళి అత్తగా ఆమె ఎంతగా మెప్పించారంటే, చక్కటి ఆ పేరు కూతుళ్లకు పెట్టుకోవడానికే జనం జంకారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇప్పుడు మోత మరికాస్త పెరిగింది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేరడానికీ, ఆధార్‌కూ, పాస్‌పోర్టుకూ జనన ధ్రువపత్రమే ఆధారం. ‘లక్ష్మి’కి ఒకచోట ‘ఎక్స్’, మరోచోట ‘కె ఎస్’ పడితే పాప పెద్దయ్యాక కార్యాలయాల చుట్టూ తిరగాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకుంటే చిక్కు రెట్టింపు.

21వ రోజు బారసాల చేసేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. జననం నమోదుకూ గడువు 21 రోజులే. పేరు తేలలేదని నమోదు ఆపక్కర్లేదు. పేరు లేకుండానే నమోదు చేయించి, 12 నెలల్లోగా రుసుము లేకుండా రాయించుకోవచ్చు. ఆ తర్వాతా ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా వీలుంది. కాబట్టి తొందరేం లేదు. వరసలన్నీ ఇంట్లోనే తేల్చుకుని, కాగితం మీద ఒకే పేరు, ఒకే స్పెల్లింగు రాయించండి.

మిగతా పేర్లంటారా... అవెక్కడికీ పోవు. రేపు అత్తారింటి నుంచి వచ్చిన అమ్మాయిని గుమ్మంలోనే ‘బుజ్జమ్మా’ అని పిలవడానికి ఏ ధ్రువపత్రం కావాలి?