తూటా తిన్న పలక

1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ సేన ఓరుగల్లును ముట్టడించినప్పుడు దానికి మొదట అడ్డుపడింది మట్టికోట. ఉక్కు ఈటె కూడా దిగనంత గట్టి గోడ అనీ, యంత్రాలతో విసిరిన గుండ్లు దానికి తగిలి వెనక్కి ఎగిరిపడుతున్నాయనీ ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాసిపెట్టాడు. శత్రుపక్షం నుంచి వచ్చిన యోగ్యతాపత్రం అది. కానీ ఆ గోడ సత్తా యుద్ధం మీదికొచ్చాకే తేలింది. జవాను గుండెకు అడ్డం పెట్టే సిరామిక్ పలక విషయంలో అంతవరకు ఆగడానికి వీల్లేదు.

చిక్కల్లా ఇక్కడే. పలకను పరీక్షించాలంటే దాన్ని కాల్చాలి. కాలిస్తే పగులుతుంది, పగిలింది మళ్లీ తొడుక్కోవడానికి పనికిరాదు. అంటే ఏ జవాను ఒంటి మీది పలకా తూటా పరీక్షకు నిలిచింది కాదు. దానితోపాటు తయారైన మరో పలక దాని బదులు ఆ దెబ్బలు తింది. ఆ రెండూ అచ్చంగా ఒకేలా ఉన్నాయన్న భరోసా మీదే ప్రాణం ఆధారపడి ఉంటుంది.

నిజానికి పగలడమే ఆ పలక పని. ఆ ఓరుగల్లుకు, అంటే నేటి వరంగల్‌కు, దాదాపు 150 కిలోమీటర్ల దూరంలో, హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో ఉన్న మిధాని సంస్థ, భాభా అణు పరిశోధన కేంద్రం అందించిన పరిజ్ఞానంతో ‘భాభా కవచ్’ జాకెట్లు తయారుచేస్తోంది. అందులో వాడే బోరాన్ కార్బైడ్ కాఠిన్యంలో వజ్రానికి కొద్ది మెట్లే కింద ఉంటుంది. ఘన సెంటీమీటరుకు 2.5 గ్రాములే బరువు. అదే ఉక్కయితే 7.8 గ్రాములు. రైఫిల్ తూటా లోపలి ఉక్కు మొన ఈ గట్టి ముఖానికి కొట్టుకుని మొద్దుబారుతుంది, చితుకుతుంది. అదే క్షణంలో సిరామిక్ శంకువు ఆకారంలో చిట్లి, ఒక్క బిందువు మీద పడాల్సిన దెబ్బను వెడల్పుగా పరుస్తుంది. వెనక అతికించిన పాలిథిలిన్ లేదా కెవ్లార్ పొరలు సాగి, ముక్కలను పట్టేసుకుంటాయి. ముందు గట్టిది, వెనక సాగేది. ఓరుగల్లులో బయట మట్టికోట, లోపల రాతికోట. ఇక్కడ వరస తిరగబడింది.

పరీక్ష ఎలా చేస్తారంటే, పలకను బంకమట్టి దిమ్మకు ఆనించి కడతారు. ఆ మట్టి మెత్తదనం సరిగ్గా ఉండాలి. అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జస్టిస్ పద్ధతిలో కిలోకు కొంచెం పైన తూగే ఉక్కు గుండును 2 మీటర్ల ఎత్తు నుంచి మట్టి మీద పడేసి, గుంట 19 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉందో లేదో ముందు చూస్తారు. ఆ తర్వాత 15 మీటర్ల దూరం నుంచి కాలుస్తారు. తూటా వేగాన్ని దారిలోనే యంత్రాలు కొలుస్తాయి; నిర్ణయించిన వేగానికి అటూ ఇటూ అయితే ఆ గుండు లెక్కలోకి రాదు.

తూటా ఆగిందంటే పాసైనట్టు కాదు. పలక వెనక మట్టిలో ఎంత లోతు గుంట పడిందో కొలుస్తారు. తూటా లోపలికి రాకపోయినా, పలక వెనక్కి ఉబ్బిన పోటుకే పక్కటెముకలు విరగవచ్చు, ఊపిరితిత్తులు నలగవచ్చు. ఆ అమెరికా ప్రమాణం 44 మిల్లీమీటర్ల వరకు ఒప్పుకుంటుంది. 1970లలో పిస్తోలు తూటాలతో, మెత్తని జాకెట్ల మీద, మేకలపై జరిపిన ప్రయోగాల్లోంచి పుట్టిన అంకె అది. రైఫిల్ పలకలకూ దాన్నే కొలబద్దగా వాడుతున్నారంటే ఈ శాస్త్రంలో తేలాల్సింది ఇంకా చాలా ఉందన్నమాట.

మన దేశానికి 2018లో భారతీయ ప్రమాణాల సంస్థ ‘ఐఎస్ 17051’ తెచ్చింది. అందులోని ఆరో స్థాయి అన్నిటికన్నా కఠినం. దాదాపు 10 గ్రాముల కవచభేదక తూటా సెకనుకు 800 మీటర్లకు పైగా వేగంతో వచ్చి తగులుతుంది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ కాన్పూర్ ప్రయోగశాల రూపొందించిన పలక అలాంటి 6 గుండ్లను ఆపిందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. మొదటి గుండుకే లోపలంతా చిట్లిన పలక ఆరో గుండుకూ నిలబడటం చిన్న విషయం కాదు.

ఎండ సంగతీ చూడాలి. 2006లో అమెరికా సైన్యం ‘డ్రాగన్ స్కిన్’ అనే కవచాన్ని మేరీలాండ్‌లో పరీక్షించింది. పొలుసుల్లా పేర్చిన సిరామిక్ బిళ్లలు దాని ప్రత్యేకత. 48 గుండ్లలో 13 దూసుకుపోయాయనీ, వేడికి జిగురు కరిగి బిళ్లలు జారాయనీ సైన్యం వెల్లడించింది. తయారీ సంస్థ ఒప్పుకోలేదు. మే నెలలో వరంగల్, రామగుండం వైపు గస్తీ తిరిగే పోలీసుకు ఇదేమీ దూరపు ముచ్చట కాదు. అందుకే కాల్చడానికి ముందు పలకలను వేడిలో, తేమలో ఉంచుతారు, ఎత్తు నుంచి కింద పడేస్తారు.

ఆ పడేయడం వెనక పెద్ద కారణమే ఉంది. బ్యారక్‌లో చేయి జారి నేల మీద పడ్డ పలకకు పైగుడ్డ చెక్కుచెదరదు, లోపల మాత్రం సన్నని బీట పడవచ్చు. కంటికి కనబడని ఆ బీటను ఎక్స్‌రే పట్టిస్తుంది. అమెరికా సైన్యం వాడకంలో ఉన్న పలకలనూ ఎక్స్‌రే తీసి ఏరేస్తోంది. మన బెటాలియన్ల స్టోర్లలోనూ ఆ ఏర్పాటు తప్పకుండా ఉండాలి. పలక వెనక రాసి ఉన్నదీ చదవాలి. కాన్పూర్ పలకలో రెండు రకాలు: ఒకటి మెత్తని జాకెట్‌తో కలిపి వేసుకోవలసింది, చదరపు మీటరుకు 40 కిలోల లోపు; రెండోది విడిగా వేసుకోదగ్గది, 43 కిలోల లోపు. ఉక్కపోతకు తాళలేక లోపలి జాకెట్ తీసేసి మొదటి రకాన్ని ఒక్కదాన్నే తొడుక్కుంటే, దానికి జరిగిన పరీక్షలేవీ ఆ మనిషికి వర్తించవు.