బండ మీద పైపు, బురదలో పైపు

కల్వకుర్తి నుంచి ఒక పాఠకురాలు రాశారు: "మిరపకాయలు దంచుతుంటే తుమ్ము ఆగదు, తుమ్మితే చీర తడుస్తుంది. డాక్టరమ్మ రింగు పెట్టించుకోమంది. ఆరోగ్యశ్రీలో వస్తుందా?"

బిల్లు సంగతి చివర్లో చెప్తానక్కా. ముందు ఆ తుమ్ములో ఏం జరుగుతుందో చూద్దాం.

దీని పేరు స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్. ఇక్కడ స్ట్రెస్ అంటే మనసుది కాదు, పొట్టది. తుమ్మినా, పల్లీల బస్తా ఎత్తినా లోపలి ఒత్తిడి మూత్రాశయం మీద పడుతుంది. ఆ క్షణంలో మూత్రనాళం గట్టిగా మూసుకోవాలి. ఎలా మూసుకుంటుంది?

1961లో స్వీడన్‌కు చెందిన ఎన్‌హార్నింగ్ ఒక జవాబు చెప్పాడు. నాళం పైభాగం పొట్టలోనే ఉంది కాబట్టి మూత్రాశయాన్ని నొక్కే ఒత్తిడే దాన్నీ నొక్కుతుందన్నాడు. కాన్పులతో అది కిందికి జారితే ఆ నొక్కుడు అందదని నమ్మిన సర్జన్లు దశాబ్దాలపాటు దాన్ని పైకి ఎత్తి కుట్టారు. చాలామందికి నయమైంది కూడా. అందుకే పొరపాటు అంత తొందరగా బయటపడలేదు.

1994లో అమెరికా డాక్టర్ డీలాన్సీ మృతదేహాల్లో ఆ భాగాన్ని పొర పొరగా విప్పి చూశాడు. నాళం కింద యోని గోడ, కండరాలు కలిసి ఉయ్యాలలా పరుచుకుని ఉన్నాయి. బోరు పైపును బండ మీద పెట్టి తొక్కి చూడండి, నీళ్లు ఆగిపోతాయి. అదే పైపును దమ్ము చేసిన మడిలో తొక్కండి: పైపు బురదలోకి దిగుతుంది, నీళ్లు పోతూనే ఉంటాయి. తేడా కాలిలో లేదు, పైపులో లేదు, కింద ఉన్న నేలలో ఉంది! నాళం ఎంత ఎత్తున ఉందన్నది కాదు, దాని కింద ఆధారం గట్టిగా ఉందా అన్నదే లెక్క. 1996లో ఉల్మ్‌స్టెన్ నాళం మధ్యభాగం కింద సన్నని టేపును లాగి బిగించకుండా వదులుగా వేశాడు. పైకి ఎత్తకుండానే కారడం ఆగింది.

డాక్టరమ్మ చెప్పిన రింగు యోనిలో అమర్చేది. దానికి ఒకచోట బుడిపె ఉంటుంది చూడండి, నాళం కింద అదే బండ. తుమ్ము వచ్చే ముందు కింది కండరాలను పైకి బిగబట్టినా కాసేపు నేల గట్టిపడుతుంది.

ఇక బిల్లు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో పాలమూరు ఒకటి, కల్వకుర్తి అప్పుడు అందులోదే. ఆసుపత్రిలో చేర్చుకుని చేసే చికిత్సల ప్యాకేజీల చుట్టూ అల్లిన పథకం అది. ఓపీలో అమర్చుకుని ఆ పూటే ఇంటికి పోయే రింగు ఆ లెక్కలో ఒదగదు. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను మాత్రం ఒకసారి అడగండి. అమెరికాలో అయితే రింగు అమర్చినందుకు 57160, సిలికాన్ రింగుకు ఏ4562 అని బిల్లులో విడివిడి సంఖ్యలున్నాయి. ఇక్కడ నెలసరి ప్యాడ్‌కు 2018లోనే జీఎస్టీ తీసేశారు. మూత్రం కారేవాళ్లు వాడే పెద్దల డైపర్‌కు మాత్రం 2025 సెప్టెంబరు దాకా 12 శాతం వసూలు చేశారు, ఇప్పుడూ 5 శాతం ఉంది. ఈ తేడా నాకు మింగుడుపడదు.