డీఫ్రాగ్ రిపోర్టులో లేని వరుస
డిస్కులో ముక్కలై చెల్లాచెదురైన ఫైళ్లను ఒకచోటికి చేర్చే, విండోస్ ఎక్స్‌పీ నాటి డీఫ్రాగ్‌మెంటర్ తెర చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెల్లటి పట్టీ మీద ఎర్రగీతలు, నీలం గీతలు, అక్కడక్కడా ఆకుపచ్చ. ‘వ్యూ రిపోర్ట్’ నొక్కితే అంకెల జాబితా. ల్యాబులో ఒక విద్యార్థిని అందులో ఓ వరుస మీద వేలు పెట్టి అడిగింది: “సార్, ఒక్కో ఫైలుకి సగటున 1.3 ముక్కలట. ఎక్కువా, తక్కువా?”

ఆ అంకెను బట్టి చెప్పలేం. మామూలు డెస్క్‌టాప్ హార్డ్ డిస్కులో పళ్లెం నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది. ఫైలు వరసగా ఉంటే డేటా దానంతటదే రీడ్ హెడ్ కిందికి వస్తుంది. ముక్క తెగినచోట హెడ్ మరో ట్రాక్‌కి జరగాలి. దానికి ఇంచుమించు 9 మిల్లీసెకన్లు. అక్కడ కావలసిన భాగం తిరిగి వచ్చేదాకా ఆగాలి. చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు కాబట్టి సగటున అందులో సగం. మొత్తం 13. ముక్క పెద్దదైనా చిన్నదైనా ఈ ఆలస్యం మారదు.

ఇప్పుడు 10,000 ఫైళ్లున్న డిస్కు తీసుకోండి. 9,999 చెక్కుచెదరలేదు, ఒక్కటి 3,001 ముక్కలైంది. సగటు 1.3. అది రోజూ వాడే మెయిల్ ఫైలై, ముక్కలన్నీ చెల్లాచెదురుగా ఉంటే, మొత్తం చదివిన ప్రతిసారీ 39 సెకన్లు హెడ్ పరుగులకే పోతాయి. అన్నే ఫైళ్లున్న ఇంకో డిస్కులో 3,000 ఫైళ్లు రెండేసి ముక్కలయ్యాయి. సగటు మళ్లీ 1.3! అక్కడ మాత్రం ఎవరికీ ఏ తేడా తెలియదు.

నాకు బాగా నచ్చిన ఉపాయం విండోస్ విస్టా డీఫ్రాగ్‌మెంటర్‌లో వచ్చింది. 64 మెగాబైట్లు దాటిన ముక్కల్ని అది ముక్కలుగానే లెక్కేయదు. సెకనుకి 64 మెగాబైట్లు చదివే డిస్కులో అంత ముక్క చదవడానికి ఒక సెకను, తర్వాతి ముక్కకి గెంతడానికి 13 మిల్లీసెకన్లు. నూటికి ఒకటి చొప్పున మిగిలే కాలం కోసం గిగాబైట్ల డేటాను అటూ ఇటూ మోయడం దండగ. ముక్కల్ని కాలంతో తూచిన లెక్క ఇది. ఇంత చక్కటి లెక్క లోపల పెట్టుకుని, తెర మీద మాత్రం రంగుల పట్టీనీ రిపోర్టునీ తీసేశారు. కొన్ని నిమిషాలో కొన్ని గంటలో పట్టవచ్చన్న మాటే మిగిలింది. విండోస్ 7లో ‘ఇంత శాతం ముక్కలైంది’ అన్న అంకె తిరిగొచ్చింది. శాతం దేనిలో అన్నది మామూలు వాడుకరికి ఎలా తెలుస్తుంది?

ఎక్స్‌పీ రిపోర్టు అడుగున బాగా ముక్కలైన ఫైళ్ల పేర్లు, సైజులు, ముక్కల సంఖ్యలు ఉండేవి. వాటి పక్కనే, ఆ ఫైలు చదివినప్పుడల్లా అదనంగా పోయే సెకన్ల వరుస ఒకటి చేర్చాల్సింది. “మెయిల్ ఫైలు: 39 సెకన్లు” అని కనిపిస్తే డీఫ్రాగ్ చేయాలో వద్దో ఇంకొకరిని అడగక్కర్లేదు.

విండోస్ 8 నాటికి ఈ పరికరం ‘ఆప్టిమైజ్ డ్రైవ్స్’గా మారింది. ఎస్‌ఎస్‌డీలకు ట్రిమ్ ఆదేశాలు (ఏ చోట్లు ఇక వాడుకలో లేవో చెప్పేవి) పంపడం దాని కొత్త పని. ఎస్‌ఎస్‌డీలో జరగాల్సిన హెడ్ లేదు, ముక్కకి పట్టేది మిల్లీసెకనులో పదోవంతు. అదే మెయిల్ ఫైలుకి సెకన్ల వరుసలో 39 బదులు 0.3 పడుతుంది. శాతం, సగటు మాత్రం రెండు డిస్కులకీ ఒకే అంకె చూపిస్తాయి.