ఇంజిన్‌కు చలి కూడా పడదు

పెట్రోలు ఇంజిన్ సిలిండర్‌లో మంట రేగిన క్షణాన లోపలి వాయువుల వేడి రెండువేల డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ మంటను నెత్తిన మోసే పిస్టన్ అల్యూమినియంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. అయినా పిస్టన్ కరగదు. మంట క్షణంలో వెయ్యోవంతులు మాత్రమే ఉండి ఆరిపోవడం ఒక కారణం, సిలిండర్ల చుట్టూ తిరిగే నీళ్లు మరో కారణం. పాత కార్లలో పెట్రోలు ఇచ్చే శక్తిలో బండిని నడిపేది ఇంచుమించు పావువంతే. మిగిలినదంతా వేడి. అందులో కొంత పొగగొట్టంలోంచి పోతుంది. దాదాపు అంతే వేడిని నీళ్లు బయటికి మోసుకుపోవాలి.

మొదటి కార్లలో ఈ పని చాలా మొరటుగా జరిగేది. కార్ల్ బెంజ్ 1886లో పేటెంట్ పొందిన మూడు చక్రాల బండికి రేడియేటరే లేదు. సిలిండర్ చుట్టూ ఉన్న నీళ్లు మరిగి ఆవిరైపోయేవి, ఆ ఆవిరితోపాటే వేడీ పోయేది. ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి పట్టే వేడి, అదే నీటిని సున్నా నుంచి వంద డిగ్రీలకు తేవడానికి పట్టే వేడికి అయిదు రెట్లకు పైనే. కాబట్టి పద్ధతి పనిచేసేది, కానీ నీళ్లు ఆగకుండా పోస్తూనే ఉండాలి. 1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌స్‌హైమ్‌కు వంద కిలోమీటర్లకు పైగా ఆ బండి నడిపింది. దారిలో దొరికిన చోటల్లా ఆగి నీళ్లు నింపుకుంటూ వెళ్లింది. కార్ల చరిత్రలో తొలి సుదూర ప్రయాణం అలా నీళ్లు వెతుక్కుంటూ సాగింది.

ఈ కథలో నేను అందరికంటే పెద్దపీట వేసేది విల్‌హెల్మ్ మేబాక్‌కు. డైమ్లర్ కంపెనీలో ఆయన 1900లో రూపొందించిన తేనెపట్టు రేడియేటర్ లేకపోతే బలమైన ఇంజిన్ ఉన్న కారు అసాధ్యం. ఆరు మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 తీసుకుని, వాటిని పక్కపక్కనే పేర్చి అతికించాడు. గొట్టాల లోపల గాలి, వాటి మధ్య సన్నటి సందుల్లో నీళ్లు. వెనక ఒక ఫ్యాన్. నీటికీ గాలికీ మధ్య అంత ఎక్కువ ఉపరితలం దొరకడంతో 35 హార్స్‌పవర్ మెర్సిడెస్‌కు తొమ్మిది లీటర్ల నీళ్లు సరిపోయాయి. 1901 మార్చిలో నీస్ నగరంలో జరిగిన పోటీల్లో ఆ కారు మిగతావాటిని వెనక్కి నెట్టేసింది. ఇప్పటికీ కారు ముందుభాగాన కనిపించే ఆ జల్లెడ మేబాక్ వేసిన బాటే.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి, తొలి బండ్ల తర్వాత, చవకదనం కోసం వాటర్ పంపును కూడా వదిలేసింది. కాగిన నీరు తేలికై పైకెక్కుతుంది, రేడియేటర్‌లో చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది. ఆ తిరుగుడు మీదనే దాదాపు కోటిన్నర కార్లు నడిచాయి. ఇంజిన్ ఎంత వేడెక్కిందో డ్రైవర్‌కు తెలియడానికి అప్పట్లో రేడియేటర్ మూత మీదే బిగించే బోయ్స్ మోటోమీటర్ అనే థర్మామీటర్ వచ్చింది. సీట్లో కూర్చుని అద్దంలోంచి ఎర్రటి గీత చూసుకోవడమే.

చల్లబరచడం చేతికొచ్చాకే ఇంజినీర్లకు రెండో సంగతి బోధపడింది. మరీ చల్లగా ఉన్న ఇంజిన్ కూడా పాడవుతుంది. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీరు పుడుతుంది. ఇంజిన్ వేడిగా ఉంటే అది ఆవిరిగా పొగగొట్టంలోంచి పోతుంది. చల్లగా ఉంటే సిలిండర్ గోడల మీదనే నీటిబొట్లుగా చేరి, మండగా మిగిలిన ఆమ్లాలతో కలిసి లోహాన్ని తింటుంది. ఆవిరి కాని పెట్రోలు గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి, కింద ఆయిల్‌లో కలిసి దాన్ని పల్చబరుస్తుంది. ఆయిల్ పోసే మూత లోపల తెల్లటి జిడ్డు కనిపిస్తే అది చాలావరకు ఈ తేమే.

అందుకే థర్మోస్టాట్. ఇంజిన్ కాగేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే చిన్న తలుపు అది. 1910వ దశకం మధ్యకల్లా కాడిలాక్ వంటి ఖరీదైన కార్లలో కనిపించింది. మొదట్లో ఇత్తడి తిత్తిలో తేలిగ్గా మరిగే ద్రవం ఉండేది. 1930లలో సెర్జియస్ వెర్నే మైనాన్ని వాడాడు. మైనం కరిగేటప్పుడు ఉబ్బి, ఒక కడ్డీని నెట్టి తలుపు తెరుస్తుంది. కరెంటు అక్కర్లేదు, వైరు అక్కర్లేదు. నీళ్లే లేని వోక్స్‌వాగన్ బీటిల్‌లో కూడా గాలిని అదుపు చేయడానికి థర్మోస్టాట్ పెట్టారంటే దాని అవసరం ఎంతో ఊహించవచ్చు.

మన అంబాసిడర్ చాలాకాలం నడిచింది బ్రిటన్‌లో పుట్టిన 1489 సీసీ బి-సిరీస్ ఇంజిన్‌తో. అదే కుటుంబపు ఇంజిన్ ఉన్న ఎంజీబీ కారుకు వేడి దేశాల్లో 74, మామూలుగా 82, చలి దేశాల్లో 88 డిగ్రీల థర్మోస్టాట్ వేసేవారు. ఇంగ్లండు ఇంజిన్ కాబట్టి మన ఎండకు థర్మోస్టాట్ దండగ అనేది అపోహ. మన ఎండను కూడా లెక్కలోకి తీసుకునే ఆ అంకెలు నిర్ణయించారు. ఆ తరం కార్లకు ముల్లు 80, 90 డిగ్రీల మధ్య నిలబడటమే ఆరోగ్యం. ఘాట్‌లో 95 దాకా పోయి మళ్లీ దిగితే కంగారు పడక్కర్లేదు.

ఘాట్ రోడ్డు సంగతి వేరు. ఇంజిన్ మీద బరువు ఎక్కువ, బండి వేగం తక్కువ, కాబట్టి ఎదురుగాలి అందదు. పైగా ఎత్తుకు పోయేకొద్దీ నీరు ముందే మరుగుతుంది. తిరుమల ఎత్తులో, సుమారు 850 మీటర్ల దగ్గర, 97 డిగ్రీలకే. రేడియేటర్ మూతలోని స్ప్రింగు చేసే మేలు ఇక్కడే. ప్రెషర్ కుక్కర్ బరువులాగే అది లోపల ఒత్తిడిని పెంచి, ఏడు పౌండ్ల మూత అయితే మరిగే మెట్టును పది డిగ్రీలకు పైగా పైకి జరుపుతుంది. రబ్బరు ఎండిపోయిన మూతతో ఘాట్ ఎక్కిన బండి దారిలో ఆవిరి కక్కడం సహజం.

ఇక మన షెడ్లలో చాలాచోట్ల ఉన్న అలవాటు. బండి హీటెక్కుతోందంటే ముందుగా థర్మోస్టాట్ పీకి పారేస్తారు. మూసుకుపోయి తెరుచుకోని థర్మోస్టాట్ ఇంజిన్‌ను చంపుతుందన్నది నిజమే. కానీ దాన్ని మార్చాలి గాని తీసేయకూడదు. తీసేస్తే బండి అసలు రోగం దాగి ఉంటుంది. ఏళ్ల తరబడి బోరునీళ్లు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో, ఇంజిన్ బ్లాకులో సున్నపు పొర పేరుకుంటుంది. ఫ్యాన్ బెల్టు వదులై ఉండవచ్చు. ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిగి మంట ఆలస్యంగా రేగుతూ ఉండవచ్చు. వీటిలో ఏదీ థర్మోస్టాట్ తప్పు కాదు.

పరీక్ష సులువు. గిన్నెలో నీళ్లు పోసి థర్మోస్టాట్‌ను అందులో వేలాడదీసి, పక్కనే థర్మామీటర్ పెట్టి కాచండి. దాని మీద చెక్కిన అంకె దగ్గర తలుపు కదలాలి, మరో పది డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి. కాగిన ఇంజిన్ మీద మాత్రం చన్నీళ్లు గుమ్మరించకండి, పోత ఇనుము పగులుతుంది. వేడి మీద మూత విప్పకండి. ఇంట్లో పాత అంబాసిడర్, ఫియట్ ఉన్నవాళ్లు బోరునీళ్లు మానేసి శుద్ధిచేసిన నీటితో కలిపిన కూలెంట్ పోయించండి, ఏనాడో తీసేసిన థర్మోస్టాట్‌ను ఈసారి సర్వీసింగ్‌లో తిరిగి బిగించమని మెకానిక్‌కు చెప్పండి.