గొఱ్ఱెపిల్లకు ముఱ్ఱుపాలు

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నడిగడ్డలో, ఇటిక్యాల వంటి గ్రామములందు గొల్ల, కురుమ సోదరులకు మందయే ఆస్తి. 2017లో రాష్ట్ర ప్రభుత్వము ప్రారంభించిన పథకమున ఒక్కొక్కరికి 20 గొఱ్ఱెలు, 1 పొట్టేలు 75 శాతము రాయితీపై ఈయ నిర్ణయించిరి. 2019 పశుగణనలో తెలంగాణ గొఱ్ఱెలు సుమారు 190 లక్షలుగా తేలి, దేశమున ప్రథమ స్థానము నందినవి. అయినను ఈనిన పిల్ల బ్రతికినపుడే మంద నిలుచును. అందుచేత పిల్ల తొలి దినములను గూర్చి మేము కొంత చెప్పదలచితిమి.

పిల్ల పడగనే ముక్కునందు, నోటియందు గల జిగురును తుడువవలెను. బొడ్డును ఒక అంగుళము విడిచి దారముతో కట్టి, దిగువను కోసి, టించరు అయొడిను అద్దవలెను. తల్లిని నాకనీయుడు; ఆ వాసనతోనే అది తన పిల్లను గుర్తుపట్టును.

ముఱ్ఱుపాలు చిక్కగా నుండుటచే పిల్లకు పారుడు పట్టునని కొందరు వానిని నేలపాలు చేయుదురు. ఇంతకంటె నష్టము వేరొకటి లేదు. గొఱ్ఱెపిల్ల గర్భమునందు తల్లినుండి రోగనిరోధక శక్తిని పొందజాలదు. అది ముఱ్ఱుపాలతోనే రావలెను. దానిని గ్రహించు శక్తి పిల్ల ప్రేగులకు గంటగంటకు తగ్గుచు, ఒక దినము గడచుసరికి దాదాపు నశించును. కావున గంటలోపల మొదటి గ్రుక్క పడవలెను. 3 కిలోల పిల్లకు మొదటి దినమున 300 మిల్లీలీటర్లకు తక్కువ గాకుండ నాలుగైదు మారులుగా పట్టవలెను. తల్లి చనిపోయినచో అప్పుడే ఈనిన వేరొక గొఱ్ఱె పాలుగాని, మేక పాలుగాని పనికివచ్చును.

దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములందు లామా యను ఒంటె జాతి జంతువు సాధారణముగా ఉదయముననే ఈనును. రాత్రి చలి వేళకు పిల్ల ఆరి, నిలబడి, పాలు త్రాగియుండును. మన గొఱ్ఱెలకు అట్టి నియమము లేదు. అర్ధరాత్రి ఈనినచో కాపరి దీపము పట్టుకొని లేవక తప్పదు!

మంద మేతకు పోవునపుడు పసిపిల్లలను పొడినేలపై గంపక్రింద నుంచుట మంచి ఆచారమే. గంపలో గాలి ఆడవలెను. తడిసిన గడ్డిని తీసివేయవలెను. రెండు వారములు నిండిన పిదప లేత అవిసె ఆకు, కొద్దిగా దాణా రుచి చూపవలెను. మందు చల్లిన ప్రత్తి చేలలోనికి పిల్లలను తోలరాదు. మూడు నెలలకు పాలు మాన్పవచ్చును.

నట్టల మందు, పారుడు రోగపు టీకా ఏ వయస్సున వేయవలెనో పశువైద్యుని అడిగి తెలిసికొనుడు. చిటుకు టీకాను మాత్రము తొలకరికి ముందే వేయింపవలెను. వాన పడి లేతగడ్డి మొలచిన పిదప మందలో బాగుగా బలిసిన పిల్లయే ముందు పడిపోవుట మీలో పలువురు చూచియే యుందురు.