తొలి కాన్పు ఖర్చు: నెలలు నిండకముందే వేయవలసిన లెక్క

కాన్పు ఖర్చుకు మిగతా వైద్య ఖర్చులకు లేని ఒక వెసులుబాటు ఉంది. జబ్బు గాని ప్రమాదం గాని చెప్పి రావు. కాన్పు మాత్రం చివరి నెలసరి మొదటి రోజు నుంచి సుమారు 280 రోజులకు వస్తుందని వైద్యులు తొలి పరీక్షలోనే తేదీ వేసి చెబుతారు. నెల తప్పిన సంగతి తెలిసిన నాటి నుంచి చూసుకున్నా, డబ్బు సమకూర్చుకోవడానికి దంపతులకు ఎనిమిది నెలల వ్యవధి దొరుకుతుంది. ఇంత ముందుగా తెలిసిన ఖర్చు కూడా ఎన్నో తెలుగు ఇళ్లలో చివరికి అప్పుగానే మిగులుతోంది. గాజులు కుదువకు పోతాయి, పొదుపు సంఘంలో వ్యవసాయానికని తీసుకున్న రుణం ఆసుపత్రి బిల్లుకు మళ్లుతుంది. సీమంతానికి ఎందరికి భోజనాలు, బారసాలకు ఎవరెవరికి బట్టలు అన్న లెక్క తేలికగా తేలుతుంది గాని, ఆపరేషన్ అవసరమైతే ఎంత, బిడ్డను అద్దాల పెట్టెలో ఉంచవలసి వస్తే ఎంత, తల్లి ఆరు నెలలు పనికి పోలేకపోతే ఎంత అన్న లెక్కను అశుభమనో, అప్పుడే ఎందుకనో పక్కన పెట్టడం దీనికి ప్రధాన కారణం.

ఎవరి ఖర్చు అన్న ప్రశ్న

తొలి కాన్పు పుట్టింట జరగడం తెలుగువారి ఆచారం. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో చూలింతను పుట్టింటికి తీసుకువెళ్లి, పురుడు పోసి, మూడో నెలలోనో అయిదో నెలలోనో తల్లినీ బిడ్డనూ అత్తవారింటికి సాగనంపడంలో ఆమెకు దొరికే విశ్రాంతి, ఆదరణ విలువైనవే. అయితే ఆ ఆచారంతో పాటు ఖర్చంతా పుట్టింటివారిదే అన్న భావన కూడా స్థిరపడిపోవడం వల్ల, పెళ్లి అప్పు ఇంకా తీరని తల్లిదండ్రుల మీద ఏడాది తిరగకముందే రెండో భారం పడుతోంది. ఆమె ఎక్కడ పురుడు పోసుకున్నా బిడ్డ ఇద్దరిదీ కాబట్టి, ఖర్చు పద్దును దంపతులే రాసుకుని, పుట్టింటివారు ప్రేమతో పెట్టేదాన్ని సహాయంగానే స్వీకరించడం న్యాయం.

ఈ ఆచారం వల్ల ఆచరణలో మరొక చిక్కు కూడా వస్తుంది. భర్త పనిచేసే సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న ఆసుపత్రులకు వర్తిస్తుంది గాని, పుట్టింటి ఊళ్లోని నర్సింగ్ హోమ్ ఆ బీమా సంస్థ జాబితాలో ఉండకపోవచ్చు. అప్పుడు నగదు చెల్లించనవసరం లేని చికిత్స దొరకదు. ముందు బిల్లంతా కట్టి, కాగితాలు పంపి, తిరిగి రాబట్టుకోవాలి. కాబట్టి ఏ ఊళ్లో కాన్పు అన్నది అయిదో నెలలోపే తేల్చుకుని, ఆ ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో విచారించుకుని, అప్పటిదాకా చేసిన స్కానింగులు, రక్తపరీక్షల కాగితాలన్నీ ఒకే ఫైలులో పెట్టి వెంట తీసుకువెళితే, చేసిన పరీక్షలే మళ్లీ చేయించే అనవసర ఖర్చు తప్పుతుంది.

ఆపరేషన్ ఖర్చే ప్రాతిపదిక

లెక్క వేసేటప్పుడు చాలామంది సహజ కాన్పు ఖర్చునే ఆధారంగా తీసుకుంటారు. తెలుగు రాష్ట్రాల పరిస్థితికి ఆ అంచనా సరిపోదు. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పల్లెల్లో పెద్దాపరేషన్ అని పిలిచే సిజేరియన్ ద్వారా జరిగిన కాన్పులు దేశం మొత్తం మీద 21.5 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. ప్రైవేటు ఆసుపత్రులను మాత్రమే చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 81.5 శాతం. అంటే తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లిన ప్రతి అయిదుగురిలో నలుగురికి ఆపరేషనే జరిగింది. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, మాయ గర్భాశయ ద్వారానికి అడ్డుగా ఉన్నప్పుడు, బిడ్డ గుండె కొట్టుకునే తీరులో తేడా కనిపించినప్పుడు ఈ శస్త్రచికిత్స రెండు ప్రాణాలను కాపాడుతుంది; అటువంటి వేళ డబ్బు చూసి వెనుకాడరాదు. మంచి ముహూర్తానికి బిడ్డ పుట్టాలని నెలలు నిండకముందే తేదీ పెట్టించుకుని చేయించే ఆపరేషన్ మాత్రం ఖర్చునూ ప్రమాదాన్నీ కోరి తెచ్చుకోవడమే అవుతుంది, ఎందుకంటే ఊపిరితిత్తులు పూర్తిగా ఎదగని బిడ్డకు శ్వాస ఇబ్బంది వచ్చి, ప్రత్యేక విభాగంలో ఉంచవలసి రావచ్చు. వైద్యపరమైన కారణం ఏమిటో అడిగి తెలుసుకోవడం కుటుంబానికి ఉన్న హక్కు.

ఆసుపత్రి చెప్పే ప్యాకేజీ ధరలో ఏమేమి కలిసి ఉన్నాయన్నది రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. గది అద్దె, ఆపరేషన్ థియేటర్ రుసుము, ప్రసూతి వైద్యురాలి రుసుము సాధారణంగా అందులో ఉంటాయి. మత్తు వైద్యుడి రుసుము, మందులు, రక్తం, బిడ్డను చూసే పిల్లల వైద్యుడి రుసుము, బిడ్డకు కామెర్లు వస్తే పెట్టే నీలి కాంతి చికిత్స ఖర్చు చాలాచోట్ల విడిగా ఉంటాయి. నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగంలో, అంటే వెచ్చదనం, ఆక్సిజన్, నిరంతర పర్యవేక్షణ అందించే గదిలో, రోజుల లెక్కన పడే బిల్లు కొన్నిసార్లు కాన్పు బిల్లును మించిపోతుంది కాబట్టి, దాని రోజువారీ ధర ఎంతో ముందే తెలుసుకోవడం అవసరం.

బీమా ఎంతవరకు ఆదుకుంటుంది?

వ్యక్తిగత ఆరోగ్య బీమా పాలసీల్లో ప్రసూతి ఖర్చు వర్తించడానికి నిరీక్షణ కాలం ఉంటుంది. పాలసీని బట్టి అది తొమ్మిది నెలల నుంచి మూడు నాలుగేళ్ల దాకా ఉండవచ్చు. కాబట్టి గర్భం దాల్చాక పాలసీ కొంటే ఆ కాన్పుకు ఉపయోగపడదు; పెళ్లయిన కొత్తలోనే ఆలోచించవలసిన విషయమిది. ఉద్యోగ సంస్థలు ఇచ్చే బృంద బీమాలో ఈ నిరీక్షణ కాలం చాలావరకు ఉండదు గాని, మొత్తం బీమా అయిదు లక్షలున్నా ప్రసూతికి మాత్రం విడిగా చిన్న పరిమితి ఉంటుంది. గది అద్దె పరిమితి మరొక మెలిక. రోజుకు 4,000 రూపాయల గదికి అర్హత ఉన్నవారు 8,000 గదిలో చేరితే, అనేక పాలసీల్లో గది అద్దెతో పాటు వైద్యుల రుసుము వంటి ఇతర పద్దులను కూడా అదే నిష్పత్తిలో సగానికి తగ్గించి చెల్లిస్తారు. పుట్టిన బిడ్డకు బీమా మొదటి రోజు నుంచే వర్తిస్తుందా, తొంభై రోజుల తర్వాతా అన్నది కూడా చూసుకుని, బిడ్డ పేరును గడువులోగా చేర్పించాలి.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఉన్న హక్కులు

2011 జూన్ 1న ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద, ప్రభుత్వ ఆసుపత్రిలో సహజ కాన్పైనా ఆపరేషనైనా, మందులు, పరీక్షలు, రక్తం, ఆసుపత్రిలో ఉన్నన్ని రోజుల భోజనం పూర్తిగా ఉచితం. ఇంటి నుంచి ఆసుపత్రికి, తిరిగి ఇంటికి రవాణా కూడా అందులో భాగమే. బిడ్డ జబ్బుపడితే చికిత్స కూడా ఉచితమే. నెలలు నిండని, బరువు తక్కువైన పిల్లల కోసం జిల్లా ఆసుపత్రుల్లో ప్రత్యేక నవజాత శిశు విభాగాలు పనిచేస్తున్నాయి. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచితంగా వైద్య పరీక్షలు చేస్తారు.

నగదు సహాయాలు కూడా ఉన్నాయి. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద అర్హులైన తల్లులకు తొలి కాన్పుకు 5,000 రూపాయలు రెండు విడతల్లో అందుతాయి: గర్భం నమోదై ఒక పరీక్షైనా జరిగాక 3,000, బిడ్డ జననం నమోదై తొలి విడత టీకాలు పూర్తయ్యాక 2,000. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో తనదైన పథకాన్ని ప్రారంభించి, ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రసవించినవారికి మగబిడ్డ పుడితే 12,000, ఆడబిడ్డ పుడితే 13,000 రూపాయలను విడతలవారీగా ఇవ్వడంతో పాటు, బిడ్డకు కావలసిన వస్తువుల కిట్‌ను కూడా అందించింది. ప్రభుత్వాలు మారినప్పుడు ఇటువంటి పథకాల పేర్లు, మొత్తాలు మారుతుంటాయి కాబట్టి, ఊళ్లోని ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో అడిగి, మూడో నెలలోపే పేరు నమోదు చేయించుకుని, మాతా శిశు సంరక్షణ కార్డు తీసుకోవడం మొదటి పని. పథకాల డబ్బు ఖర్చు జరిగిపోయాక, కొన్నిసార్లు నెలల ఆలస్యంతో వస్తుంది. దాన్ని బిడ్డ తర్వాతి అవసరాలకు ఉంచుకోవాలి తప్ప, కాన్పు నాటి బిల్లుకు ఆధారంగా చూపుకోకూడదు.

తల్లి ఆదాయం, తల్లి ఆహారం

పద్దులో ఎక్కడా కనిపించని పెద్ద ఖర్చు తల్లి కోల్పోయే జీతం లేదా కూలి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డలకు జీతంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. కాన్పుకు ముందటి పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు ఆ సంస్థలో పనిచేసి ఉండాలన్నది నిబంధన. నెల జీతం 21,000 రూపాయల లోపున్న కార్మికులకు వర్తించే ఈఎస్ఐ పథకంలో కూడా, అవసరమైన రోజుల చందా జమ అయివుంటే, 26 వారాల పాటు పూర్తి సగటు వేతనం లభిస్తుంది. నాట్లు వేసే కూలీకి, ఇళ్లలో పనిచేసే స్త్రీకి, ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకున్న మహిళకు ఈ రక్షణ లేదు. అటువంటి ఇళ్లలో ఆరు నెలల సంపాదనను నష్టంగా పద్దులో రాసుకోకపోతే, పచ్చి బాలింత నలభై రోజులు నిండీ నిండకముందే పనిలోకి దిగవలసి వస్తుంది.

ఖర్చు తగ్గించుకోవాలనుకున్నప్పుడు ఇళ్లలో మొదట కోత పడేది చూలింత తినే పాలు, గుడ్లు, పండ్ల మీద కావడం మరీ విచారకరం. అదే జాతీయ సర్వేలో దేశంలోని గర్భిణుల్లో సగానికి పైగా, అంటే 52.2 శాతం మంది, రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. రక్తహీనత ఉన్న తల్లికి కాన్పులో రక్తస్రావం ప్రాణాంతకం కావచ్చు. బిడ్డ తక్కువ బరువుతో పుట్టే అవకాశమూ పెరుగుతుంది. ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రలు, అంగన్‌వాడీ ఇచ్చే పాలు, గుడ్లు, పోషకాహారం వాడుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

బిడ్డ తొలి ఏడాది

బిడ్డ పుట్టాక ఖర్చును ఎక్కువగా నిర్ణయించేవి పాలు, డైపర్లు, టీకాలు. రెండు మూడు నెలల బిడ్డ రోజుకు సుమారు 750 మిల్లీలీటర్ల పాలు తాగుతుందనుకుంటే, డబ్బా పాలపొడి దాదాపు 110 గ్రాములు కావాలి. అంటే 400 గ్రాముల డబ్బా నాలుగు రోజులు కూడా రాదు, నెలకు ఎనిమిది డబ్బాలు పడతాయి. తల్లిపాలు సాగేలా కాన్పైన గంటలోపే బిడ్డను రొమ్ముకు పట్టించడం, పట్టించే తీరు నర్సును అడిగి నేర్చుకోవడం బిడ్డ ఆరోగ్యానికి ఎంత మేలో ఇంటి ఖర్చుకు కూడా అంత మేలు. డైపర్లు రోజుకు ఎనిమిది చొప్పున, ఒక్కొక్కటి పది రూపాయలనుకున్నా నెలకు 2,400 అవుతాయి. పగలు ఉతికి ఎండబెట్టిన పాత నూలు చీరల గుడ్డలు, రాత్రికి మాత్రం డైపరు వాడే ఇళ్లలో ఇది నాలుగో వంతుకు దిగుతుంది. సార్వత్రిక టీకా కార్యక్రమంలో క్షయ, పోలియో, హెపటైటిస్-బి, రోటావైరస్, న్యుమోనియా, తట్టు-రుబెల్లా వంటి వ్యాధులకు టీకాలు ఉచితం. ఇవే ప్రైవేటులో వేయిస్తే కొన్ని టీకాలకు డోసుకు వేల రూపాయలవుతుంది. జననాన్ని 21 రోజులలోపు నమోదు చేయిస్తే ఆలస్య రుసుము ఉండదు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి జనన ధ్రువపత్రం బడిలో చేర్చడం మొదలు అన్నిటికీ మూల పత్రమైంది కాబట్టి, దీన్ని వాయిదా వేయకూడదు.

లెక్క కట్టే తీరు

పద్ధతి అర్థం కావడానికి ఒక ఊహా లెక్క చూడవచ్చు. నెలకు 30,000 రూపాయల ఆదాయం ఉన్న దంపతులు ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ కాన్పుకు 80,000, పరీక్షలకు, స్కానింగులకు 20,000, అత్యవసరాలకు 40,000, బిడ్డ తొలి మూడు నెలలకు 20,000 వేసుకున్నారనుకుంటే మొత్తం 1,60,000 అవుతుంది. ఎనిమిది నెలలకు పంచితే నెలకు 20,000 దాచాలి, అది ఆ ఇంటికి సాధ్యం కాదు. సాధ్యం కాదన్న సంగతి రెండో నెలలోనే తెలియడమే ఈ లెక్క వల్ల కలిగే మేలు. వారే ప్రభుత్వ ఆసుపత్రిని ఎంచుకుని, బయట చేయించే పరీక్షలకు 10,000, అత్యవసరాలకు 30,000, బిడ్డకు 20,000, తోడుండేవారి భోజనాలకు, రాకపోకలకు 4,000 ఉంచుకుంటే మొత్తం 64,000, నెలకు 8,000 అవుతుంది. వేడుకల ఖర్చును ఈ పద్దులో కలపకుండా, అవసరాలకు సరిపడా జమ అయ్యాక మిగిలినదానితోనే జరుపుకోవడం మంచిది. జమ చేసిన మొత్తాన్ని భార్యాభర్తలిద్దరూ తీసుకోగల బ్యాంకు ఖాతాలో ఉంచాలి, ఎందుకంటే అర్ధరాత్రి నొప్పులు మొదలైనప్పుడు ఊళ్లో లేని భర్త పేర డిపాజిట్‌లో ఉన్న డబ్బు ఆ పూటకు అక్కరకు రాదు.

ఇంత లెక్క వేసేది పైసలు మిగుల్చుకోవడానికి మాత్రమే కాదు. చేతిలో సిద్ధంగా డబ్బు, తెలిసిన హక్కులు, ముందే ఎంచుకున్న ఆసుపత్రి ఉన్న కుటుంబం ప్రసూతి గది బయట నిలబడి సంతకం పెట్టేటప్పుడు తల్లికీ బిడ్డకూ ఏది క్షేమమన్న ఒక్క ప్రశ్నే అడగగలుగుతుంది. ఆ స్థైర్యం ప్రతి తొలిచూలు తల్లికీ దక్కాలంటే, ఆమె నెల తప్పిందన్న కబురు విన్న వారంలోనే దంపతులు కలిసి కూర్చుని ఈ పద్దు రాయడం మొదలుపెట్టాలి.